వేగాస్‌లో లెక్క చూసుకునేవాళ్ళ తరఫున

లాస్ వేగాస్ వెళ్ళొచ్చిన తెలుగువాళ్ళు చెప్పే కథలు దాదాపు రెండే రకాలు. మొదటిది యాత్రాచరిత్ర రకం. "అదొక పాపనగరం, మేం మాత్రం దూరం నుంచి చూసి వచ్చేశాం" అని మొదలై, ఫౌంటెన్ ముందు దిగిన ఇరవై ఫోటోలతో ముగుస్తుంది. రెండోది యూట్యూబ్ రకం. "వేగాస్ వచ్చి ఆడకపోతే వేస్ట్ బ్రో" అంటుంది. ఎంత పోయిందో చెప్పదు, ఎంత వచ్చిందో మాత్రం స్క్రీన్ మీద చూపిస్తుంది.

ఈ రెండింటికీ చెందని మనిషి ఇంకొకరున్నారు. ఆ ఊళ్ళో హాయిగా తిరుగుతారు, కళ్ళప్పగించి చూస్తారు, చేతిసంచీలో చిన్న నోట్‌బుక్ పెట్టుకుని ఖర్చు రాసుకుంటారు. మొదటి రకం వాళ్ళకు ఈ మనిషి కనిపించరు. రెండో రకం వాళ్ళకు పిసినారిలా కనిపిస్తారు. ఆ పిసినారి తరఫున వకాల్తా పుచ్చుకుని ఈ వ్యాసం రాస్తున్నాను. ఆ ఊరికి సరైన అతిథి ఆ మనిషేనని నా వాదన.

నేను హబ్సిగూడలో ఉంటాను. ముప్పై ఏళ్ళు సర్కారు బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మా వీధిలో పిల్లలు అమెరికాలో, తల్లిదండ్రులు ఇక్కడ ఉన్న ఇళ్ళు బోలెడు. ఆరు నెలల వీసా మీద వెళ్ళొచ్చినవాళ్ళు సాయంత్రం వాకింగ్‌లో కలిస్తే చదివే జాబితా ఒకటే: నయాగరా, వైట్ హౌస్, పిట్స్‌బర్గ్ గుడి, వేగాస్. 2025 మార్చిలో మా వంతు వచ్చింది. ఫీనిక్స్‌లో ఉన్న మా అమ్మాయీ అల్లుడూ కార్లో తీసుకెళ్ళారు. అయిదు గంటల ప్రయాణం. నేను నోట్‌బుక్ తీయగానే అల్లుడు నవ్వి, "ఇంత దూరం వచ్చి లెక్కలేంటి అత్తయ్యా" అన్నాడు. మంచి పిల్లాడే, ప్రేమగానే అన్నాడు. కానీ ఆ ఊరు కట్టింది ఆ ఒక్క వాక్యం మీదేనని నాకనిపించింది. ఇంత దూరం వచ్చాం కాబట్టి లెక్క వద్దు. ఇవాళ ఒక్కరోజే కాబట్టి లెక్క వద్దు. అందరూ పెడుతున్నారు కాబట్టి లెక్క వద్దు.

మనవాళ్ళు వేగాస్‌ని మయసభతో పోలుస్తారు. కప్పుకి ఆకాశం రంగేసి, లోపల కాలవ తవ్వి, పడవలు నడుపుతున్నారు కదా, పోలిక తోచడం సహజమే. కాని అది తప్పు సభ. మయసభలో జూదం జరగలేదు. అది పాండవుల సొంత ఇల్లు. అక్కడ దుర్యోధనుడు నీళ్ళలో పడ్డాడు, పరువు పోయింది, అంతే. జూదం జరిగింది హస్తినలో, అందుకోసమే ధృతరాష్ట్రుడు కొత్తగా కట్టించిన వేరే సభలో. విదురుడు వెళ్ళి చెప్పిన కబురేమిటి? కొత్త సభ కట్టించాం, వచ్చి చూసి, సరదాగా పాచికలాడి వెళ్ళమని. మహాభారతంలో సర్వనాశనం మొదలైంది అతిథిగా పిలుపు అందుకున్న చోట. పిలిస్తే కాదనకూడదన్న నియమం ఒకటి ధర్మరాజు నెత్తిన ఉంది. "ఇంత దూరం వచ్చి ఆడకపోతే ఎలా" అన్నదానికి అది పాత రూపం.

అతిథి అన్న మాట దగ్గర కాసేపు ఆగుదాం, అసలు విషయం అక్కడే ఉంది. ప్రపంచంలో క్యాసినోలు నడుపుతున్న ప్రభుత్వాలు తమ మనుషుల విషయంలో ఏం చేస్తున్నాయో చూడండి. మొనాకో పౌరులు మొనాకో క్యాసినోలో ఆడకూడదు. సింగపూర్‌లో విదేశీయులకు ప్రవేశం ఉచితం; అక్కడి పౌరులు, శాశ్వత నివాసులు మాత్రం 24 గంటలకు 150 సింగపూర్ డాలర్లు కట్టాలి. మకావులో ప్రభుత్వ ఉద్యోగులకు చాంద్రమాన కొత్త సంవత్సరం మొదటి మూడు రోజులు తప్ప ఆటగదుల్లో అడుగుపెట్టే వీల్లేదు. అంత దూరం ఎందుకు, మనవాళ్ళు వారాంతాల్లో పరిగెత్తే గోవానే తీసుకోండి. 2020 ఫిబ్రవరి 1 నుంచి గోవావాసులు గోవా క్యాసినోల్లోకి వెళ్ళకూడదని అక్కడి ప్రభుత్వం నిషేధం పెట్టింది. మాండవి నదిలో ఓడలు వెలిగేది హైదరాబాద్, బెంగళూరు, ముంబయి నుంచి వచ్చేవాళ్ళ కోసం.

అమెరికాలో కూడా ఇదే కథ ఉంది. 1931లో నెవాడా రాష్ట్రం జూదాన్ని చట్టబద్ధం చేసింది. అదే ఏడాది, వేగాస్‌కి కూతవేటు దూరంలో హూవర్ డ్యామ్ పని మొదలైంది. ఆ కూలీల కోసం ఫెడరల్ ప్రభుత్వం బౌల్డర్ సిటీ అనే ఊరు కట్టించి, అందులో జూదం నిషేధించింది. ఆ ఊళ్ళో నేటికీ క్యాసినో లేదు. పని జరగాల్సిన చోట జూదం ఉండకూడదని కట్టించినవాళ్ళకు బాగా తెలుసు.

వీటన్నిటి అర్థం ఒకటే. ఆ గదిలో ఏం జరుగుతుందో ఆ ప్రభుత్వాలకు తెలుసు. అందుకని తమవాళ్ళకు ఒక కంచె వేసుకున్నాయి, అతిథికి వెయ్యలేదు. కాబట్టి అతిథి తన కంచె తనే తెచ్చుకోవాలి. బడ్జెట్ అంటే నా దృష్టిలో ఇదే. అక్కడి చట్టం నాకు ఇవ్వని రక్షణను నేను నోట్‌బుక్‌లో రాసుకుని వెళ్తున్నాను. దీన్ని పిసినారితనం అనేవాళ్ళు సింగపూర్ ప్రభుత్వాన్ని కూడా పిసినారి అనాలి.

ఇప్పుడు లెక్కల్లోకి వద్దాం. అమెరికా రూలెట్ చక్రంలో 38 గళ్ళుంటాయి: ఒకటి నుంచి 36 దాకా అంకెలు, రెండు సున్నాలు. ఒక అంకె మీద పెట్టి గెలిస్తే 35 రెట్లు ఇస్తారు. ఈ తేడా వల్ల తిప్పిన ప్రతి వంద డాలర్ల మీద సగటున 5 డాలర్ల 26 సెంట్లు క్యాసినోకి పోతాయి. ఈమధ్య స్ట్రిప్ మీద చాలాచోట్ల మూడో సున్నా చేర్చారు. గళ్ళు 39 అయ్యాయి, ఇచ్చేది మాత్రం అదే 35 రెట్లు. వందకి 7 డాలర్ల 69 సెంట్లు. బ్లాక్‌జాక్‌లో మొదటి రెండు ముక్కల్లోనే 21 పడితే పదికి పదిహేను ఇవ్వడం ఒకప్పటి పద్ధతి. ఇప్పుడు తక్కువ పందెం బల్లల మీద ఎక్కువగా పదికి పన్నెండే. అంటే కోత పెట్టింది ఎవరికి? చిన్న పందెం కాసే చిన్నవాళ్ళకు. ఎక్కువ పెట్టగలిగినవాళ్ళకు పాత పద్ధతి బల్లలు ఇంకా ఉన్నాయి. చవక బల్ల నిజానికి ఖరీదైన బల్ల. మా బడిలో ఎనిమిదో తరగతి పిల్లలకు ఇస్తే పది నిమిషాల్లో తేల్చేసే లెక్క ఇది.

ఇక్కడ తెలివైనవాళ్ళు ఒక చిట్కా చెబుతారు. మెషీన్ దగ్గర కూర్చుంటే మందు ఉచితం కదా, మెల్లగా ఆడుతూ తాగితే గిట్టుబాటేనని. నెవాడా నిబంధనల ప్రకారం స్లాట్ మెషీన్ సిద్ధాంతరీత్యా కనీసం 75 శాతం తిరిగివ్వాలి. చాలా మెషీన్లు అంతకన్నా ఎక్కువే ఇస్తాయి. ఉదారంగా 92 శాతం అనుకుందాం. నిమిషానికి పదిసార్లు, సారికి ఒక డాలర్ చొప్పున నొక్కితే గంటకు 600 డాలర్లు తిప్పినట్టు. అందులో ఎనిమిది శాతం, అంటే 48 డాలర్లు పోతాయి. గంటలో వచ్చేవి రెండు బీర్లు. హబ్సిగూడ వైన్‌షాపు ముందు నిలబడ్డవాడు ఎవడైనా బీరుకి 24 డాలర్లు పెడతాడా? 48 కాస్తా 20 అయినా బీరుకి పదే. నాలుగు అడుగులు వేసి షాపులో కొనుక్కుంటే నాలుగో వంతులో వస్తుంది.

ఆటల్లోనే కాదు, ఈ ఊరి దేనిలోనైనా ధర రెండు ముక్కలుగా ఉంటుంది. ఒక ముక్క బోర్డు మీద, రెండోది బిల్లు మీద. మేం దిగిన హోటల్ రాత్రికి 39 డాలర్లు అని చూపించింది. తాళం చేతికిచ్చేటప్పుడు రిసార్ట్ ఫీజు అంటూ ఇంచుమించు అంతే మళ్ళీ వసూలు చేసింది. దేనికి ఫీజు అంటే వైఫై, జిమ్ము అన్నారు. గదిలో ఫ్రిజ్ ఉంది గానీ అందులో సీసా కదిలిస్తే బిల్లు పడే రకం. మేం తెచ్చుకున్న పులిహోర ఐస్‌పెట్టెలోనే ఉంచుకున్నాం. 2025 మే 12 నుంచి హోటళ్ళు ఇలాంటి తప్పనిసరి ఫీజుల్ని మొదట చూపే ధరలోనే కలిపి చూపాలని అమెరికాలో ఫెడరల్ నిబంధన అమల్లోకి వచ్చింది. ఫీజు తీసెయ్యమనలేదు, దాచొద్దన్నారు. అది కూడా లెక్కలడిగేవాళ్ళు ఏళ్ళ తరబడి గొడవపడితేనే వచ్చింది.

పాతకాలపు వేగాస్ ఇలా ఉండేది కాదని అక్కడివాళ్ళు అంటారు. తిండి, గది, కారు పార్కింగ్ అన్నీ దాదాపు ఉత్తినే ఇచ్చి, జూదం బల్ల దగ్గర రాబట్టుకునేవాళ్ళు. 2016లో స్ట్రిప్ మీద ఒక పెద్ద కంపెనీ పార్కింగ్‌కి డబ్బు తీసుకోవడం మొదలుపెట్టాక, మిగతావాళ్ళలో చాలామంది అదే దారి పట్టారు. ఉచిత వినోదం కూడా తగ్గింది. ట్రెజర్ ఐలాండ్ ముందు సముద్రపు దొంగల ప్రదర్శన 2013లో ఆగిపోయింది. 1989 నుంచి రాత్రిళ్ళు రోడ్డు మీద జనం కోసం నిప్పులు కక్కిన మిరాజ్ హోటల్ అగ్నిపర్వతం, 2024 జూలైలో హోటల్‌తో పాటు మూతపడింది. 2024లో ఈ ఊరికి సుమారు 4 కోట్ల 17 లక్షల మంది వచ్చారు. 2025లో ఆ సంఖ్య పడిపోయింది. కారణాలు చాలా చెబుతున్నారు. నాకు తోచిన కారణం, జనానికి లెక్కలొచ్చు.

ఇంత చెప్పాక "మరి ఎందుకు వెళ్ళడం" అని అడుగుతారు. ఆ ఊరు నిజంగా బాగుంటుంది కాబట్టి. పాపనగరం అని ముక్కు మూసుకునేవాళ్ళతో నా తగాదా ఇక్కడ. 1968లో రాబర్ట్ వెంచూరీ, డెనిస్ స్కాట్ బ్రౌన్, స్టీవెన్ ఐజెనౌర్ అనే ముగ్గురు యేల్ విశ్వవిద్యాలయం విద్యార్థుల్ని వెంటబెట్టుకుని వేగాస్ వచ్చారు. సైన్‌బోర్డుల్ని, పార్కింగ్ స్థలాల్ని గుళ్ళూ గోపురాలంత శ్రద్ధగా కొలిచి, 1972లో పుస్తకం వేశారు. మంచా చెడా తర్వాత, ముందు చూడటం నేర్చుకుందామన్నారు. మన యాత్రాచరిత్రల్లో ఆ చూపు తక్కువ. అసహ్యించుకోవడానికి తొందర ఎక్కువ.

చూడటానికి డబ్బక్కర్లేదు. ఇది హైదరాబాద్ వాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేని విద్య. 1938 నుంచి నడుస్తున్న నాంపల్లి నుమాయిష్‌లో మనం ఏం చేస్తాం? గేటు దగ్గర టికెట్ కొంటాం, నాలుగు గంటలు తిరుగుతాం, కశ్మీరు శాలువాలు చేత్తో తడిమి చూస్తాం, మిర్చి బజ్జీ తిని, ఒక జాడీయో దుప్పటో కొనుక్కుని వస్తాం. ఏమీ కొనకుండా తిరిగొచ్చిన ఏడాది కూడా నుమాయిష్ చూసినట్టే. వేగాస్‌ని నేను అలాగే చూశాను. బెల్లాజియో ముందు నీళ్ళ నాట్యం మూడుసార్లు చూశాం, మూడుసార్లూ పాట మారింది. లోపల పూలతోట చూశాం, ఉచితమే. పాత ఊళ్ళో ఫ్రీమాంట్ వీధి మీద 1995లో కట్టిన దీపాల పందిరి కింద తల వెనక్కి వాల్చి మెడ నొప్పెట్టేదాకా నిలబడ్డాం. ఊరి బయట స్వాగతం బోర్డు దగ్గర ఫోటోకి క్యూ కట్టాం. 1959లో ఆ బోర్డు గీసిన బెట్టీ విలిస్ దాని మీద కాపీరైట్ తీసుకోలేదు. మగ్గుల మీదా టీషర్టుల మీదా కనిపించే ఆ బొమ్మ ఎవరి సొంతమూ కాదు. అంతా అమ్మకానికి పెట్టిన ఊరికి గుర్తు ఒక ఉచిత వస్తువు కావడం నాకు భలే నచ్చింది. వస్తూ వస్తూ హూవర్ డ్యామ్ మీద నడిచాం, నడవడానికి టికెట్ లేదు. సాగర్ డ్యామ్ చూసి పెరిగిన మా ఆయన అక్కడే గంటసేపు నిలబడిపోయారు.

కష్టమల్లా కూర్చోవడమే. స్ట్రిప్ నాలుగు మైళ్ళు పైనే. మోకాళ్ళ నొప్పులున్న అరవై ఏళ్ళ మనిషికి ఆ దారిలో కాసేపు కూర్చునే బల్ల దొరకడం కష్టం. క్యాసినోలో మాత్రం మెత్తటి కుర్చీలు వేలల్లో ఉంటాయి, ప్రతి కుర్చీ ముందూ ఒక మెషీన్. మా ఆయన ఒక దాంట్లో కూలబడితే ఒకావిడ ట్రే పట్టుకుని వచ్చి "ఆడుతున్నారా?" అని మర్యాదగానే అడిగింది. ఆ ఊళ్ళో నిజంగా ఉచితం కానిది విశ్రాంతి. పెద్దవాళ్ళను తీసుకెళ్ళే పిల్లలకు నా సలహా: స్ట్రిప్ మీద రోజంతా తిరిగే రెండంతస్తుల బస్సుకి రోజు పాస్ కొనివ్వండి. ఊరు చూసినట్టూ ఉంటుంది, కూర్చున్నట్టూ ఉంటుంది.

ఇప్పుడు నా మీద వేయదగ్గ నిజమైన ప్రశ్న. నువ్వు ఉత్తినే చూసిన ఫౌంటెన్‌కి డబ్బు కట్టిందెవరు? ఓడిపోయినవాళ్ళే. వాళ్ళ నష్టం మీద నీ సరదా నడవలేదా? నడిచింది. కాదనను. నటాషా డౌ షుల్ అనే పరిశోధకురాలు వేగాస్‌లో ఏళ్ళ తరబడి తిరిగి 2012లో ఒక పుస్తకం వేశారు. అందులో మెషీన్ల ముందు గంటలు గంటలు గడిపేవాళ్ళు ఎక్కువగా పర్యాటకులు కారు, ఆ ఊరివాళ్ళే. నెవాడా తనవాళ్ళకు కంచె వెయ్యలేదు. కిరాణా షాపుల్లో, పెట్రోలు బంకుల్లో కూడా మెషీన్లున్నాయి. వాళ్ళు గెలవడానికి కూడా ఆడటం లేదనీ, అన్నీ మర్చిపోయే ఒక స్థితిలో ఉండిపోవడానికే ఆడుతున్నారనీ ఆమె రాస్తారు.

ఇది చదివినప్పుడు నాకు వేగాస్ గుర్తుకు రాలేదు. నాచారం గుర్తొచ్చింది. అక్కడి కార్ఖానాలో పనిచేసే ఒక కుర్రాడు, నా పాత విద్యార్థి. ఫోన్‌లో రమ్మీ ఆడి జీతం, ఆ తర్వాత లోన్ యాప్‌ల అప్పు, ఆ తర్వాత తల్లి మెళ్ళో గొలుసు పోగొట్టాడు. లెక్కల్లో వాడికి ఎప్పుడూ తొంభైకి తగ్గలేదు. తెలంగాణ 2017లోనే డబ్బుతో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ చట్టం చేసింది. 1968లో సికింద్రాబాద్ క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు రమ్మీలో నేర్పు పాలు ఎక్కువని చెప్పిన మాటను కంపెనీలు ఇన్నేళ్ళూ జెండాలా ఊపాయి. ఆ తీర్పు చెప్పింది బల్ల చుట్టూ కూర్చుని ముక్కలు పంచుకునే మనుషుల గురించి. అర్ధరాత్రి దుప్పట్లో వెలిగే ఫోన్ గురించి కాదు.

కాబట్టి "బడ్జెట్ వేసుకుంటే చాలు, అందరూ బాగుపడతారు" అని నేను చెప్పడం లేదు. ఆ మాట క్యాసినోలే చెబుతాయి. "బాధ్యతగా ఆడండి, మీ హద్దు మీరు తెలుసుకోండి" అని పోస్టర్లు అంటిస్తాయి. హద్దు దాటించడానికి చక్రానికి మూడో సున్నా చేర్చి, కుర్చీలన్నీ మెషీన్ల ముందే వేసి, ఆ తర్వాత హద్దు నీ బాధ్యత అనడం మోసం. హద్దు పెట్టుకోలేని స్థితిలో పడ్డవాళ్ళకు చట్టం కావాలి, చికిత్స కావాలి, ఇంట్లోవాళ్ళ అండ కావాలి. నా వాదన హద్దు పెట్టుకోగలిగీ సిగ్గుపడి పెట్టుకోనివాళ్ళతో. ఆ సిగ్గు మనకు ఎవరు నేర్పారు? ఖర్చు అడిగితే పరువు తక్కువనీ, ధర చూస్తే పల్లెటూరివాళ్ళనీ నేర్పింది ఎవరు? ఆ సిగ్గు మీద బతికే వ్యాపారాలే.

ఎవరైనా వెళ్తుంటే నేను చెప్పే నియమాలు నాలుగు. వారం మధ్యలో వెళ్ళండి. గది ధర అడిగేటప్పుడు పన్నూ ఫీజూ కలిపి మొత్తం ఎంతో అడగండి. ఆడాలనిపిస్తే అది టికెట్ అనుకోండి. మా ఆయన 20 డాలర్ల టికెట్ కొన్నారు, ముప్పావు గంట చూశారు, లేచొచ్చారు, కార్డు గదిలోనే ఉంది. నాలుగోది, గది శుభ్రం చేసే మనిషికీ పళ్ళెం తెచ్చే మనిషికీ టిప్పు మాత్రం తగ్గించకండి. పొదుపు చెయ్యాల్సింది యజమాని దగ్గర, పనివాళ్ళ దగ్గర కాదు. నా నోట్‌బుక్‌లో జూదం కన్నా టిప్పుల పద్దు పెద్దది. అది చూసి అల్లుడు ఏమీ అనలేదు.

యాత్రాచరిత్రలు రాసేవాళ్ళు ఇకమీదట ఆ పద్దులు కూడా అచ్చు వెయ్యాలని నా కోరిక. ఎంత పెట్టి వెళ్ళారు, ఏది ఉత్తినే చూశారు, ఏది బోర్డు మీద ఒకటీ బిల్లు మీద ఒకటీ అయింది, జూదంలో ఎంత పోయింది. పాపం పుణ్యం అన్న మాటలకన్నా అవి వెనక వెళ్ళేవాళ్ళకు ఎక్కువ పనికొస్తాయి. ఓడిన డబ్బు సంగతి దాచి, ఫౌంటెన్ ఫోటో ఒక్కటే చూపించినంత కాలం, మన వీధి నుంచి బయల్దేరే తర్వాతి అతిథి కంచె లేకుండానే వెళ్తాడు.